నీళ్ళలో బర్రె, నిలబెట్టిన మిషను

నీళ్ళలో ఉన్న బర్రెను గట్టు మీద నిలబడి బేరం చేయకూడదని మన పెద్దలంటారు. నీళ్ళలో ఉన్నంతసేపూ దాని తలా కొమ్ములూ తప్ప మరేమీ కనబడవు. పొదుగు ఎంత ఉన్నదో, ఏ కాలు కుంటుతున్నదో తెలియదు. అమ్మేవాడు చెప్పిందే వేదం. ఈ మాట పశువులకే గాక ఇనుప సామానుకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. కొట్టంలో నిలబెట్టి, రంగు వేసి చూపించే పాత యంత్రం నీళ్ళలో ఉన్న బర్రె వంటిదే. దాన్ని గట్టెక్కించి, నాలుగడుగులు నడిపించి చూస్తే గాని బేరానికి దిగరాదు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి యంత్రాల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. హనుమకొండలో ఉద్యోగాలు చేసుకొనే నా వంటి వాళ్ళకు చాలామందికి ఒక కాలు కాలేజీలోనూ, ఒక కాలు ఊళ్ళోనూ ఉంటుంది. మా తమ్ముడు ధర్మసాగరం వైపు ఐదెకరాలు చేస్తున్నాడు. నాలుగు పాడి బర్రెలు, రెండు దుడ్డెలు, ఒక పాత ట్రాక్టరు అతని ఆస్తి. ఏదైనా పెద్ద ఖర్చు పెట్టవలసి వచ్చినప్పుడు నన్ను వెంట తీసుకుపోతాడు. నాకు తెలుసునని కాదు. నేను పక్కనుంటే తొందరపడి బయానా ఇవ్వకుండా ఉంటాడని మా మరదలి నమ్మకం.

ఈసారి ఖర్చు గడ్డి గురించి వచ్చింది. మా చిన్నతనంలో గడ్డికి ఖర్చేమిటని నవ్వేవారు. వరి కొడవళ్ళతో కోసి, మెదలు పరిచి, రెండు మూడు రోజులు ఎండిన తరువాత కట్టలు కట్టి కల్లానికి మోసేవారు. గింజ రాలిన తరువాత పొడుగాటి గడ్డి నలగకుండా మిగిలేది. దాన్ని వాము వేయడం ఒక విద్య. పైన ఏనుగు వీపులాగా వంపు తీర్చి వేస్తే ఎంత వాన కురిసినా నీళ్ళు జారిపోవలసిందే గాని లోపలికి దిగేవి కావు. ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు ఆ పని వచ్చినవాళ్ళు. వాళ్ళకు వేరే మర్యాద ఉండేది.

హార్వెస్టరు వచ్చిన తరువాత గింజ ఒక్క పూటలో చేతికి వస్తున్నది. గడ్డి మాత్రం చేలోనే ఉండిపోతున్నది. మిషను వెనక బారులుగా పడిన ఆ నలిగిన గడ్డిని చేతులతో పోగుచేసి మోయడానికి కూలీలు లేరు. ఉన్నా ఆ కూలికి గడ్డి విలువ చాలదు. అందుచేత చాలామంది అగ్గిపుల్ల గీస్తున్నారు. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయని వ్యవసాయ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. నిప్పు పెడితే ఆ నత్రజని దాదాపు అంతా పొగలో కలిసిపోతుంది. ఎరువుల దుకాణంలో బస్తాకు డబ్బు కట్టి తెచ్చుకొనే మనిషే దాన్ని ఇక్కడ ఉచితంగా ఆకాశానికి పంపిస్తున్నాడన్నమాట.

మా తమ్ముడు కాల్చే రకం కాదు. ఇంట్లో బర్రెలున్నాయి గదా. అద్దె మిషను పిలిపించి గడ్డి కట్టలు కట్టించుకొనేవాడు. పోయినేడు యాసంగిలో అద్దె మిషను ఇవాళ వస్తా, రేపు వస్తా అని ఎనిమిది రోజులు తిప్పింది. తొమ్మిదోనాడు అకాల వాన పడింది. గడ్డి నల్లబడింది. దాన్నే ఎండబెట్టి కట్టించాడు గాని నెల తిరిగేసరికి కట్ట విప్పితే లోపల బూజు, ముక్కు మూసుకోవలసిన వాసన. బూజు పట్టిన వరిగడ్డి మేసిన బర్రెలకు దేగ్నాలా అనే వ్యాధి వస్తుంది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఒక వాగు పేరు మీద దానికా పేరు వచ్చింది. తోక కొన, చెవుల అంచులు, గిట్టల పైభాగం ఎండి, కుళ్ళి ఊడిపోతాయి. పశువైద్యుడు ఆ సంగతి చెప్పేసరికి మా తమ్ముడు కట్టలన్నీ పెంటగుంతలో వేసి, మిగిలిన ఏడాదికి గడ్డి కొనుక్కున్నాడు. ఆ ఏడు పాల డబ్బు గడ్డికే సరిపోయింది.

ఆ దెబ్బతో సొంత యంత్రం ఉండి తీరాలనే పట్టుదల పట్టింది. ఒక ఆదివారం ఫోను పట్టుకుని మా యింటికి వచ్చాడు.

“అన్నా, గిది చూడు. ఒక్కటే మిషిను కోస్తది, నలుపుతది, వరస పెడ్తది. పాతది దొరుకుతదంటున్నరు” అన్నాడు.

చూశాను. అమెరికా, ఐరోపా దేశాలలో పచ్చగడ్డిని కోసి ఎండబెట్టడానికి వాడే యంత్రమది. మోయర్ కండిషనర్ అంటారు. అమెరికాలో న్యూ హాలండ్ కంపెనీ 1964లో ‘హేబైన్’ అనే పేరుతో ఇటువంటిదాన్ని బజారులోకి తెచ్చిన తరువాత అది పాడి రైతులలో బాగా వ్యాపించింది. ముందు భాగంలో కత్తులు గడ్డిని మొదట్లో కోస్తాయి. వెంటనే అది రెండు రోలర్ల మధ్య నుంచి పోతుంది. మన బజారులో చెరకురసం తీసేవాడి యంత్రంలో గడ దూరినట్లే. కాకపోతే రసం కారేంత గట్టిగా గాక కాడ చిట్లేంత మాత్రం నొక్కుతుంది. ఎందుకంటే లూసర్న్ వంటి గడ్డిలో ఆకు తొందరగా ఎండుతుంది, కాడ ఎండదు. కాడ ఎండేవరకు ఆగితే ఆకు పొడి అయి రాలిపోతుంది. బలమంతా ఆకులోనే ఉన్నది. కాడను చిట్లగొడితే రెండూ ఒకేసారి ఎండుతాయి. ఎప్పుడు మబ్బు పడుతుందో తెలియని చలిదేశాలలో ఒకరోజు ముందుగా ఎండటం కూడా పెద్ద లాభమే.

చాలా తెలివైన యంత్రం, సందేహం లేదు. కాని మనకు ఎండబెట్టవలసిన పచ్చగడ్డి ఏది? అతను అర ఎకరంలో పెంచే నేపియర్ గడ్డిని రోజూ కొడవలితో కోసి, ముక్కలు చేసి పచ్చిగానే వేస్తాడు. వరిగడ్డి పండిన తరువాతే కోతకు వస్తుంది. హార్వెస్టరు కడుపులో పడి ఎలాగూ నలుగుతుంది. ఎండకు ఈ దేశంలో కొదువ లేదు. మనకు కొరవ అయింది ఎత్తే చేతులు, కట్టే చేతులు. కనుక మనకు కావలసింది కోసే యంత్రం కాదు, కట్టే యంత్రం. ఇదే మాట చెబితే మా తమ్ముడు కొంచెంసేపు ఫోను వంక చూసి, “గట్లనే అయితే బేలర్ చూద్దాం పా” అన్నాడు.

ఏ పాత వస్తువు కొనేటప్పుడైనా మొదటి ప్రశ్న అది మంచిదా కాదా అన్నది కాదు, మన పని ఏమిటి అన్నది. ఇతరుల పనికి పుట్టిన మంచి యంత్రం మన వాకిట్లో చెడ్డ యంత్రమే అవుతుంది.

కట్టే యంత్రాలలో రెండు జాతులున్నాయి. ఒకటి నలుచదరపు కట్టలు కట్టేది. రెండవది గుండ్రని కట్టలు చుట్టేది. చదరపు కట్టలు గోడ కట్టినట్లు పేర్చుకోవచ్చు, లారీలో ఎక్కువ పడతాయి. కాని అందులో తాడుకు ముడి వేసే భాగం ఉన్నది చూశారూ, అది బహు సున్నితమైనది. మనిషి వేళ్ళు చేసే పనిని ఇనుప ముక్కు ఒకటి చేయాలి. అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన జాన్ ఆపిల్‌బీ అనే ఆయన అటువంటి ముడియంత్రాన్ని సాధించి 1870లలో పంటకోతనే మార్చివేశాడు. ఆ భాగం అరిగితే బాగుచేసేవాడు ప్రతి ఊళ్ళో దొరకడు. గుండ్రని కట్టకు ముడి లేదు. గడ్డిని చాపలా చుట్టి, చుట్టూ సుతిలి నాలుగు మెలికలు తిప్పి, కత్తితో తెగ్గొట్టి వదిలేస్తుంది. నెబ్రాస్కాలో అమ్మో లూబెన్ అనే రైతు 1910లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు; ఆ హక్కులు కొనుక్కున్న అల్లిస్ చామర్స్ కంపెనీ 1947లో యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. చిన్న రైతుకు, చిన్న ట్రాక్టరుకు, పల్లెటూరి మేస్త్రీకి గుండ్రనిదే నప్పుతుంది. మా తమ్ముడి ట్రాక్టరు 42 గుర్రాల బలం గలది. దానికి గుండ్రని చిన్న బేలరే సరియైన జోడు.

రెండవ ప్రశ్న లెక్క. కాగితం, పెన్సిలు తీసుకుని వంటింటి గడప మీదనే కూర్చున్నాం. దుడ్డెలు రెండూ కలిపి ఒక బర్రె కింద జమకట్టి ఐదు నోళ్ళు అనుకున్నాం. పచ్చగడ్డి, దాణా కాక తలకు రోజుకు 7 కిలోల ఎండుగడ్డి. రోజుకు 35 కిలోలు. ఏడాదికి 12,775 కిలోలు. కట్ట 18 కిలోలనుకుంటే 710 కట్టలు. సొంత పొలంలో ఎకరానికి 40 కట్టల చొప్పున రెండు పంటలకు కలిపి 400 వస్తాయి. మిగిలినవి పక్కవాళ్ళ దగ్గర తీసుకోవాలి. మొత్తం 710 కట్టలూ అద్దె మిషనుతో కట్టించినా, మా వైపు కట్టకు 35 రూపాయల చొప్పున పాతిక వేలు దాటదు.

పాత బేలరుకు రెండు లక్షల మాట వినబడుతున్నది. పాతిక వేల పనికి రెండు లక్షలా? మా మరదలు బియ్యం ఏరుతూనే వింటున్నది. డబ్బులో సగానికి ఆమె మెడలోని గొలుసు బ్యాంకుకు పోవాలి. ఆమె ఒక్క మాట అన్నది: “పక్కోళ్ళ పొలాలకు తిరుగుతదంటే తీసుకోండ్రి. మన ఐదెకరాలకైతే వద్దు.”

ఆర్థిక శాస్త్రం చదివినవాడు ఒక గంట ఉపన్యాసంలో చెప్పేది ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. మా తమ్ముడు మరునాటి నుంచి ఊళ్ళో తిరిగి, పంటకు 60 ఎకరాల గడ్డి తనతోనే కట్టిస్తామని మాట తీసుకున్నాడు. ఏడాదికి 120 ఎకరాలు, 4,800 కట్టలు. కట్టకు వచ్చే 35లో సుతిలికి 4, డీజిలుకు 8, కూలికి 5, గ్రీజుకూ మరమ్మతుకూ 4 తీసివేస్తే 14 మిగులుతాయి. ఏడాదికి 67,200. మూడేళ్ళలో యంత్రం తన అప్పు తాను తీర్చుకోవచ్చు. అయితే దానికి ఒక షరతున్నది. ఏడాదిలో అది పనిచేయవలసింది పంటకు పదిహేను రోజుల చొప్పున నెల రోజులే. ఆ నెల రోజుల్లో అది ఆగకూడదు. మిగిలిన పదకొండు నెలలు అది ఎంత అందంగా నిలబడి ఉన్నా మనకు పైసా ఉపయోగం లేదు. పాత యంత్రానికి నిజమైన ధర కొన్ననాడు ఇచ్చేది కాదు. కోతల నడుమ అది ఆగిన ప్రతి రోజూ ఇచ్చేది.

ఈ లెక్కతో కార్తీకమాసంలో బయలుదేరాం. మొదటి యంత్రం పరకాల దారిలో ఒక కొట్టంలో ఉన్నది. ఎర్రగా, పెళ్ళికూతురిలా మెరుస్తున్నది. “రెండే సీజన్లు నడిచింది సార్, షోరూం నుంచి వచ్చినట్టే ఉన్నది” అన్నాడు అమ్మే ఆయన. ధర లక్షా డెబ్బై. మా తమ్ముడి ముఖం వెలిగిపోయింది.

మేము హసన్‌పర్తి నుంచి ఒక మేస్త్రీని వెంట తెచ్చుకున్నాం. ఆయన రంగు వైపు చూడలేదు. వంగి, రోలరు కొనలను ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని కుదిపాడు. రెండు చోట్ల అది కదిలింది, బేరింగులు అరిగాయన్నమాట. చైను తిరిగే పళ్ళచక్రాన్ని చూపించాడు. పళ్ళు నిటారుగా ఉండవలసింది, పిల్లిగోళ్ళలాగా ఒక వైపు వంగి ఉన్నాయి. చైనును వేలితో లాగితే చక్రం మీది నుంచి పైకి లేచింది. “రెండు సీజన్ల చక్రం గిట్లుండది” అని మెల్లగా నాతో అన్నాడు. వరిగడ్డిలో ఇసుక జాతి పదార్థం ఎక్కువ. సిలికా అంటారు. అది ఇనుమును ఆకురాయిలాగా అరగదీస్తుంది. గడ్డిని ఎత్తే స్ప్రింగు పళ్ళను కొత్తవాటితో పోల్చి చూస్తే యంత్రం వయస్సు చెప్పేయవచ్చు. పశువుల సంతలో నోరు తెరిచి పళ్ళు చూసే మనవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు.

ఇంకా మూడు సంగతులు కనిపించాయి. ఒక పక్క రేకు మీద రంగు మిగతాచోట్ల కంటె మందంగా ఉన్నది. గోటితో గీకితే కింద వెల్డింగు అతుకు. గ్రీజు పెట్టే బుడిపెలు దుమ్ముతో గట్టిపడిపోయి ఉన్నాయి. అంటే రంగుకు డబ్బు పెట్టినాయన గ్రీజుకు పెట్టలేదు. కట్టల లెక్క చూపే మీటరు పగిలిపోయింది. “నడిపి చూపిస్తారా?” అని అడిగాం. ట్రాక్టరు పెట్టి ఖాళీగా తిప్పి చూపించాడు. చక్కగా తిరిగింది. ఖాళీ కడుపుతో ఎవరైనా చక్కగానే తిరుగుతారు. గడ్డి పెట్టి చూపించండి అంటే, ఇప్పుడు గడ్డి ఎక్కడిది సార్ అన్నాడు. రోడ్డుకు అటువైపు పొలంలో హార్వెస్టరు కోస్తూనే ఉన్నది. మేము నమస్కారం పెట్టి బయటికి వచ్చాం.

రెండవదాన్ని ఎవరూ చూపించలేదు. ఎల్కతుర్తి దారిలో ఒక చేలో పనిచేస్తుంటే మేమే చూశాం. రంగు వెలిసిపోయింది, ఒక పక్క సొట్ట పడింది. కాని ఆగకుండా నడుస్తున్నది. దాన్ని అన్నదమ్ములిద్దరు నడుపుతున్నారు. సీజను అయిపోగానే పెద్ద చదరపు బేలరు తీసుకుంటారట; అందుకని దీన్ని అమ్మే ఆలోచన ఉన్నది. అమ్మడానికి నమ్మదగిన కారణం ఉండటం మొదటి మంచి గుర్తు. రెండవది, యంత్రం నీళ్ళలో గాక గట్టు మీదనే ఉన్నది.

పొద్దున పది దాటింది. కార్తీకంలో మంచు ఆరేవరకు గడ్డి కట్టరాదు. వాళ్ళూ అప్పుడే మొదలుపెట్టారు. మేము గంటన్నరసేపు గట్టు మీద నిలబడి చూశాం. 70 కట్టలకు పైగా పడ్డాయి. రెండుసార్లు ఆగింది: ఒకసారి సుతిలి ఉండ అయిపోయింది, ఒకసారి తడిగడ్డి ముద్ద ఇరుక్కున్నది. ఇరుక్కున్నప్పుడు ఆ కుర్రవాడేమి చేస్తాడో చూడమన్నాడు మేస్త్రీ. కుర్రవాడు ముందు ట్రాక్టరు ఆపి, దిగి, యంత్రం పూర్తిగా నిలిచిన తరువాతే చెయ్యి పెట్టాడు. ట్రాక్టరు నుంచి యంత్రానికి శక్తినిచ్చే కడ్డీ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అనగా ఒక్క సెకనులో తొమ్మిది చుట్లు. తువ్వాలు కొన తగిలితే మనిషి అరిచేలోగా భుజం దాకా లాగేస్తుంది. దాని మీది ప్లాస్టిక్ తొడుగు ఉన్నదా లేదా అనేది ధరలో తగ్గించుకొనే చిన్న వస్తువు కాదు. ఈ యంత్రానికి తొడుగు పగిలి ఉన్నది. కొత్తది వేయించి ఇవ్వాలని మొదటి షరతుగా పెట్టుకున్నాం.

తరువాత కట్టలను పరీక్షించాం. ఒకదాన్ని ఒడ్డు మీద నుంచి కిందికి దొర్లించాం; విప్పుకోలేదు. ఐదు కట్టలు తూకం వేస్తే 17కూ 19కీ మధ్య వచ్చాయి. కట్ట నడుమ చెయ్యి దూర్చి చూశాం. చల్లగా, పొడిగా ఉన్నది. లోపల వెచ్చగా తగిలితే గడ్డి పచ్చిగా ఉన్నట్టు లెక్క. అటువంటి కట్టలను కుప్ప వేస్తే బూజు పట్టడమే గాక ఒక్కొక్కప్పుడు వాటంతట అవే అంటుకుంటాయి కూడా. రోలర్లను కుదిపితే ఒక్క బేరింగు మాత్రం కొంచెం ఆడింది. పళ్ళచక్రాలు మార్చిన గుర్తులున్నాయి. మార్చినవి ఎక్కడ కొన్నారని అడిగితే వరంగల్‌లో దుకాణం పేరు, రసీదు రెండూ చూపించారు. విడిభాగం గంట దూరంలో దొరుకుతున్నదంటే సగం భయం తీరినట్టే. సబ్సిడీ మీద తీసుకున్నదా, అయితే అమ్ముకొనే హక్కున్నదా అని కాగితాలు చూశాం. సొంత డబ్బుతో కొన్నదే. యంత్రానికి కొట్టిన నంబరూ, బిల్లులోని నంబరూ కలిశాయి. మీటరు మీద 21,000 పైచిలుకు కట్టలున్నాయి. తక్కువేమీ కాదు. కాని దాచిపెట్టిన చిన్న అంకె కంటె చూపించిన పెద్ద అంకె నయం.

రెండు లక్షల పదివేలన్నారు. వెనుకటికి సంతలో పశువుల బేరగాళ్ళు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకొనేవారు, పక్కవాడికి తెలియకుండా. ఇక్కడ తువ్వాలు లేదు. మేస్త్రీ ఒక కాగితం మీద మార్చవలసిన వస్తువులన్నీ వరుసగా రాశాడు: బేరింగు ఒకటి, స్ప్రింగు పళ్ళు ఎనిమిది, తొడుగు, ఒక టైరు. ఆ కాగితమే మా తరఫున మాట్లాడింది. తొడుగు వాళ్ళు వేయించి ఇచ్చేటట్టు, తక్కినవి మేము చూసుకొనేటట్టు లక్షా తొంభై వేలకు కుదిరింది. ఆ కోతలు అయ్యేవరకు వాళ్ళే నడుపుకుని తరువాత ఇస్తామన్నారు. “మీకు కట్టిచ్చినంక కూడా ఒకరోజు వచ్చి నేర్పిస్తం కాకా” అన్నాడు చిన్నవాడు మా తమ్ముడితో.

మా తమ్ముడికి మొదటి యంత్రం మీద మనసు పూర్తిగా పోలేదు. దారిలో, “ఇరవై వేలు తక్కువకు ఎర్రది వస్తుండె గదన్నా” అన్నాడు. మేస్త్రీ వెనక సీటులోంచి, “ఆ ఇరవై వేలు నాకిచ్చి మిగిలినది దుకాణంల ఇస్తుంటివి, గంతే” అన్నాడు. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ యాసంగిలో యంత్రం మొదటిసారి మా ఊళ్ళో తిరిగింది. ఎండలు ముదిరినప్పుడు నడిమధ్యాహ్నం కడితే గడ్డి పెళుసెక్కి పొడి అవుతున్నదని పొద్దునా సాయంత్రమూ కట్టాడు. చైను లింకు ఒకటి తెగి ఒక పూట ఆగింది. మేస్త్రీ సలహా మీద పెట్టెలో ఉంచుకున్న లింకు, నాలుగు బోల్టులు, ఒక బేరింగు ఆ పూట ఆదుకున్నాయి. నడుమ రెండు వానలు వచ్చి కొందరి గడ్డి పాడయింది. అనుకున్న 2,400కు బదులు 2,100 కట్టలయ్యాయి. ఖర్చులు పోను 29,400 మిగిలింది. మా మరదలి గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉన్నది. కాని కొట్టంలో గడ్డి నిండుగా ఉన్నది. పసుపు రంగు చెడలేదు, విప్పితే కమ్మని వాసన వస్తున్నది.

గడ్డి యంత్రమో, మరొక పాత యంత్రమో కొనదలచిన పాఠకులకు మా మేస్త్రీ మాటలే నాలుగు చెబుతాను. పనికాలంలో చూడండి, పనిలేని కాలంలో చౌకగా వస్తుందని ఆశపడకండి. మీ వస్తువును దాని నోట్లో పెట్టి నడిపించండి. ఖాళీగా తిప్పితే నమ్మకండి. అమ్మేవాణ్ణి ఒక్కసారి అడగండి, దాన్ని బాగుచేసే మేస్త్రీని రెండుసార్లు అడగండి. కొనే డబ్బులో పదో వంతు మరమ్మతుకని మొదటిరోజే పక్కన పెట్టండి. అది లేకపోతే ఆ యంత్రం కొనే డబ్బు మీ దగ్గర లేనట్టే.

ఐదో మాట నాది. చేలోని గడ్డినంతా కట్టి ఇంటికి తెచ్చుకున్నవాడు దానితోపాటు చేని పొటాష్‌ను కూడా తెచ్చుకున్నాడని మరచిపోకూడదు. బర్రెల పెంట మళ్ళీ ఆ చేనికే తోలాలి. లేకపోతే కాల్చినవాడికీ, కట్టినవాడికీ నేల దగ్గర పెద్ద భేదం ఉండదు. మా తమ్ముడు ఈ వైశాఖంలో పద్దెనిమిది బండ్ల పెంట తోలాడు. అద్దె బండి కోసం మాత్రం ఎవరినీ బతిమాలలేదు. బేలరు విప్పేసి అదే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించాడు.